డయాలసిస్ మెషీన్ గాలి బుడగను ఎలా పట్టుకుంటుంది?

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. కవిటి మండలం నుంచి ఒక అమ్మాయి పంపింది. వాళ్ల నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలూ పక్కన కూర్చునేది ఈ అమ్మాయే. తను రాసింది యథాతథంగా చదువుతా.

"మెషీన్ మధ్యమధ్యలో కుయ్ కుయ్ అని అరుస్తుంది. సిస్టర్ వచ్చి 'ఏం లేదమ్మా, ఎయిర్ అలారం' అని చెప్పి, ట్యూబుని వేలితో రెండుసార్లు తట్టి, బటన్ నొక్కి వెళ్లిపోతారు. ఆ ఎయిర్ ఎక్కడి నుంచి వస్తుంది? అది నాన్న ఒంట్లోకి వెళ్లలేదని మెషీన్‌కి ఎలా తెలుసు?"

రెండో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. ఎందుకంటే అది అచ్చంగా ఇంజనీరింగ్ ప్రశ్న. నిలువు గొట్టంలో ద్రవం, గాలి కలిసి ప్రవహిస్తుంటే అందులో బుడగ ఎటు పోతుంది, ఎంత వేగంగా పోతుంది, దాన్ని ఎలా కొలవాలి? ఇంజనీరింగ్‌లో దీన్ని టూ-ఫేజ్ ఫ్లో అంటారు. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకంలో బాయిలర్ల గురించీ, చమురు బావుల గురించీ చెప్పి వదిలేస్తారు. కానీ ఉద్దానంలో ఈ సబ్జెక్టు మంచం పక్కనే నిలబడి ఉంటుంది.

ఉద్దానం సంగతి ఇక్కడ చూసేవాళ్లలో చాలామందికి తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి తోటలు, జీడి తోటలు. చుట్టూ ఇంత పచ్చగా ఉంటుంది, ఇంటింటికీ కిడ్నీ రిపోర్టుల ఫైలు ఉంటుంది. షుగరూ లేదు, బీపీ కూడా ముందు నుంచి లేదు, అయినా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఎందుకో ఇప్పటికీ తేలలేదు. అందుకే డాక్టర్లు దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. నీళ్లలో ఏముంది, ఎండలో పని వల్లా, పురుగు మందులా అనే చర్చ ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా ఉంది, ఈరోజు అటు వెళ్లను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది. సోంపేట, కవిటి, హరిపురం లాంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు నడుస్తున్నాయి. అంటే ఈ అలారం మోత వింటూ కూర్చునే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని కాదు. మెషీన్ లోపలి భౌతిక శాస్త్రం వరకే నా పరిధి. వైద్యం విషయం మీ నెఫ్రాలజిస్టునే అడగండి.

సెలైన్ బాటిల్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే గాలి బుడగ అంటే మనకున్న భయం అక్కడే పుట్టింది. ట్యూబులో చిన్న బుడగ జారుతూ వస్తుంటే పేషెంట్ కంటే పక్కన కూర్చున్నవాళ్లే ముందు కంగారు పడతారు. నిజానికి చేతి సిరలోకి ఒకటి రెండు చిన్న బుడగలు వెళ్తే, అవి మామూలుగా ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల దగ్గర ఆగిపోయి మెల్లగా కరిగిపోతాయి. పైగా సెలైన్‌ని నెట్టేది దాని ఎత్తు మాత్రమే. బాటిల్ ఖాళీ అయ్యాక ట్యూబులో నీటి మట్టం కొంత దిగి, సిరలో ఒత్తిడితో సమానమైన చోట ఆగిపోతుంది.

డయాలసిస్ అలా కాదు. అక్కడ పంపు ఉంది. నిమిషానికి 200 నుంచి 400 మిల్లీలీటర్ల రక్తాన్ని అది నెడుతుంది. 300 అనుకుందాం. నాలుగు గంటలకి 72 లీటర్లు. ఒంట్లో ఉండేది ఐదు లీటర్లే కదా, అంటే అదే రక్తం 14 సార్లు చుట్టూ తిరిగి వస్తుంది. ఇంకో రకంగా చెప్తా: నిమిషానికి 300 అంటే సెకనుకి 5 మిల్లీలీటర్లు. ఏదో కారణంతో లైన్‌లో రక్తం బదులు గాలి వచ్చిందనుకోండి, పంపుకి ఆ తేడా తెలీదు. అది అదే వేగంతో నెడుతూనే ఉంటుంది. పది సెకన్లలో 50 మిల్లీలీటర్లు. అంత గాలి గుండెలోకి వెళ్తే నురగ కట్టి, గుండె కొట్టుకుంటున్నా రక్తం ముందుకు కదలదు. ప్రాణం పోయే పరిస్థితి. అందుకే గాలిని పట్టే ఏర్పాటు లేకుండా డయాలసిస్ మెషీన్ ఉండదు.

సరే, గాలి అసలు ఎక్కడి నుంచి వస్తుంది? పంపుకి ముందు భాగం చూడండి. సూది నుంచి పంపు దాకా ఉన్న ట్యూబులో పంపు రక్తాన్ని లాగుతోంది, స్ట్రాతో మనం కొబ్బరినీళ్లు పీల్చినట్టు. స్ట్రాకి చిన్న చిల్లు ఉంటే ఏమవుతుంది? నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. ఇక్కడా అంతే. సూది దగ్గర కనెక్షన్ కాస్త వదులైనా, ఆ భాగానికి తగిలించిన సెలైన్ సంచి ఖాళీ అయి క్లాంప్ తెరిచే ఉన్నా, గాలి పీల్చుకుంటుంది. పంపు దాటాక ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది, అక్కడ చిల్లు పడితే రక్తం కారుతుంది. ఇంకో దారి కూడా ఉంది. ద్రవంలో కరిగి ఉన్న గాలి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరగక ముందే అడుగున, అంచుల వెంట చిన్న చిన్న బుడగలు అంటుకుని కనిపిస్తాయి కదా, అవి ఆవిరి కాదు, నీళ్లలో కరిగి ఉన్న గాలి. వేడెక్కినా, ఒత్తిడి తగ్గినా అది ఇలా బయటపడుతుంది.

బుడగ లైన్‌లోకి వచ్చేసింది. ఇప్పుడు దాన్ని వేరు చేయాలి. చాలా సులభం అనిపిస్తుంది: గాలి తేలిక, పైకి పోతుంది, అంతే కదా? అక్కడే ఉంది తిరకాసు. సన్న గొట్టంలో గాలి పైకి పోదు.

తాపీ మేస్త్రీల లెవెల్ పైపు చూశారా? పారదర్శకంగా ఉండే పైపులో నీళ్లు పోసి ఈ గోడకీ ఆ గోడకీ మట్టం చూస్తారు. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ పైపుని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తట్టుకుంటూ వస్తాడు. మధ్యలో గాలి బుడగ ఇరుక్కుంటే లెవెల్ తప్పుతుంది మరి. పైపు ఇంకా సన్నగా ఉంటే తట్టినా కదలదు. నీటికి దాదాపు 5 మిల్లీమీటర్లు హద్దు. అంతకంటే సన్నటి నిలువు గొట్టాన్ని నీటితో నింపి, కింద మూసి, మధ్యలో గొట్టమంతా నిండిన బుడగ పెడితే అది పైకి రాదు, ఉన్నచోటే కూర్చుంటుంది. బుడగ పైకి పోవాలంటే దాని పక్క నుంచి నీరు కిందికి దిగాలి. గొట్టం సన్నగా ఉంటే నీటి తలతన్యత ఆ దారి మూసేస్తుంది. దీన్ని 1961లో బ్రెథర్టన్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు. రక్తం తలతన్యత నీటికంటే తక్కువ, కాబట్టి హద్దు 4 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది.

డయాలసిస్ లైన్ లోపలి వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే హద్దు మీదే ఉంది. పైగా అందులో రక్తం ఆగి లేదు. సెకనుకి 5 మిల్లీలీటర్లు ఆ సన్న గొట్టంలో పోవాలంటే వేగం సెకనుకి 31 సెంటీమీటర్లు. మామూలు నీళ్లలో, విశాలమైన పాత్రలో, నాలుగైదు మిల్లీమీటర్ల బుడగ స్వేచ్ఛగా పైకి వచ్చే వేగమే సెకనుకి 20 నుంచి 25 సెంటీమీటర్లు. కాబట్టి గొట్టంలో ఎంత పెద్ద బుడగైనా రక్తంతో పాటు కిందికి కొట్టుకుపోవాల్సిందే. ఎండాకాలంలో వంశధార ఒడ్డు నుంచి ఈది వచ్చేవాడు, వరదలో అదే నదిలో కొట్టుకుపోతాడు. ఈత అదే, నది వేరు.

మరి ఏం చేశారు? గొట్టాన్ని ఒకచోట వెడల్పు చేశారు. మెషీన్ పక్కన నిలువుగా వేలాడుతూ, సగం పైన రక్తంతో నిండి, పైన కాస్త ఖాళీ ఉన్న చిన్న ప్లాస్టిక్ గది కనిపిస్తుంది చూడండి. వీనస్ చాంబర్ అంటారు, డ్రిప్ చాంబర్ అని కూడా పిలుస్తారు. శుద్ధి అయిన రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్లే ముందు ఆఖరి మజిలీ అది. లోపలి వెడల్పు 2 సెంటీమీటర్లు అనుకుంటే, గొట్టంలో 31 సెంటీమీటర్ల వేగంతో వచ్చిన రక్తం ఇక్కడ సెకనుకి 1.6 సెంటీమీటర్లకి తగ్గిపోతుంది. ఇరవయ్యో వంతు. నది చెరువైంది. ఇప్పుడు బుడగకి ఈదే అవకాశం దొరికింది.

అన్ని బుడగలకీ కాదు. గోలీ సోడా కొట్టాక గమనించండి, సన్నటి బుడగలు నెమ్మదిగా, పెద్దవి గబగబా వస్తాయి. చిన్న బుడగల విషయంలో సూత్రం ఏంటంటే, వెడల్పు సగమైతే వేగం నాలుగో వంతు అవుతుంది. స్టోక్స్ సూత్రం. రక్తం చిక్కదనం నీటికి మూడు నాలుగు రెట్లు. ఆ లెక్కన మిల్లీమీటర్‌లో పదో వంతు బుడగ రక్తంలో సెకనుకి 1.6 మిల్లీమీటర్లే పైకి పాకుతుంది. కిందికి లాగే ప్రవాహం 16 మిల్లీమీటర్లు. ఓడిపోతుంది. 0.3 మిల్లీమీటర్ల బుడగ దగ్గర రెండూ ఇంచుమించు సమానం. అంటే నిమిషానికి 300 మిల్లీలీటర్ల దగ్గర, 0.3 మిల్లీమీటర్ల కంటే పెద్ద బుడగ పైకి తేలి చాంబర్‌లోని ఖాళీలో కలిసిపోతుంది, చిన్నది రక్తంతో కిందికి వెళ్తుంది. పంపు వేగం 400 చేస్తే ఆ హద్దు 0.36కి పెరుగుతుంది, 200 చేస్తే 0.25కి తగ్గుతుంది. కిడ్నీ పేషెంట్లలో రక్తహీనత ఎక్కువ, రక్తం పల్చగా ఉంటుంది కాబట్టి బుడగలు ఇంకాస్త త్వరగా తేలతాయి, కానీ కథ మారదు.

ఇది కాగితం మీది లెక్క. చాంబర్‌లో రక్తం ప్రశాంతంగా ఉంటే ఇలా జరుగుతుంది. నిజంలో పైనుంచి రక్తం ధారగా పడుతుంది. చాంబర్‌లో మట్టం తక్కువగా ఉంటే ఆ ధార కొత్త బుడగలు పుట్టించి, వాటిని తిన్నగా అడుగుకి తోసేస్తుంది. బిందెలో కొద్దిగా నీళ్లుండగా కుళాయి తిప్పితే అడుగు దాకా తెల్లగా నురగ కొడుతుంది, బిందె నిండేకొద్దీ ఆ నురగ అడుగు దాకా వెళ్లదు. చాంబర్‌లో రక్తం మట్టం ఎంత ఉందన్నది అందుకే అంత ముఖ్యం. స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో బెర్న్డ్ స్టెగ్‌మేర్, ఉల్ఫ్ ఫోర్స్‌బర్గ్, పెర్ జాన్సన్ కలిసి సరిగ్గా ఇదే పని చేశారు. డయాలసిస్ జరుగుతుండగా లైన్ మీద అల్ట్రాసౌండ్ పెట్టి సూక్ష్మ బుడగలను లెక్కపెట్టారు. మెషీన్ అలారం మోగకుండానే సన్నటి బుడగలు చాంబర్ దాటి వెళ్తున్నాయని తేల్చారు. చాంబర్‌లో మట్టం ఎక్కువగా ఉంచితే అవి తగ్గుతున్నాయని కూడా చూపించారు. ఖరీదైన పరికరం ఏమీ అక్కర్లేదు, మట్టం కాస్త పైకి. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

ఇప్పుడు అలారం దగ్గరికి వద్దాం. చాంబర్ కింద, రక్తం ఒంట్లోకి వెళ్లే లైన్ ఒక చిన్న గాడిలో బిగించి ఉంటుంది. గాడికి ఒక పక్క ధ్వని పుట్టించే స్ఫటికం, ఎదురు పక్క దాన్ని వినే స్ఫటికం. మన చెవికి వినపడే హద్దు సెకనుకి 20,000 కంపనాలు, ఇది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. చాంబర్ మట్టాన్నే గమనించే ఏర్పాటు ఉన్న మెషీన్లూ ఉన్నాయి, సూత్రం అదే.

ధ్వని ఎందుకు? చెరువులో మునిగినప్పుడు గట్టు మీద వాళ్లు ఎంత అరిచినా సరిగ్గా వినపడదు. గాలి నుంచి నీటిలోకి, నీటి నుంచి గాలిలోకి ధ్వని దాదాపుగా దాటదు. వెయ్యి వంతుల్లో 999 వంతులు హద్దు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది. స్కానింగ్‌కి వెళ్లినప్పుడు పొట్ట మీద చల్లగా జెల్ రాస్తారే, అది ఎందుకనుకున్నారు? చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య కాగితమంత గాలి పొర ఉన్నా లోపలికి ధ్వని పోదు. ఆ గాలిని తరిమేయడానికే జెల్. స్కానింగ్ వాళ్లకి తలనొప్పి అయిన ఈ గుణమే ఇక్కడ పనికొచ్చింది. రక్తం ఉన్నంతసేపూ అవతలి స్ఫటికానికి ధ్వని వినిపిస్తూ ఉంటుంది. బుడగ అడ్డం వస్తే నిశ్శబ్దం.

అంటే మెషీన్ బుడగని 'చూడదు', నిశ్శబ్దాన్ని వింటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం అలారాలు అర్థమవుతాయి. ట్యూబు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే, ట్యూబుకీ స్ఫటికానికీ మధ్య బయటి గాలి ఉంటే, అప్పుడూ నిశ్శబ్దమే. రక్తంలో బుడగ లేకపోయినా అలారం మోగుతుంది. అందుకే సిస్టర్ మొదట ట్యూబుని సరిచేసి చూస్తారు. వేలితో తట్టడం మాత్రం మేస్త్రీ పనే, గోడకి అతుక్కున్న బుడగని కదిలించడానికి.

సమయం ఎంత ఉంటుందో చూడండి. రక్తం వేగం సెకనుకి 31 సెంటీమీటర్లు. సెన్సర్ వెడల్పు ఒక సెంటీమీటర్ అనుకుంటే బుడగ దాని ముందు ఉండేది సెకనులో ముప్ఫయ్యో వంతు. రెప్పపాటు కంటే తక్కువ. సెన్సర్‌కి 5 సెంటీమీటర్ల కింద క్లాంప్ ఉంటే, అక్కడికి చేరడానికి ఇంకో 0.16 సెకను. ఆ లోపల రెండు పనులు జరగాలి: పంపు ఆగాలి, క్లాంప్ ట్యూబుని నొక్కి మూసేయాలి. ఒక్కటే జరిగితే చాలదు, పంపు ఆగినా లైన్‌లో మిగిలిన ఒత్తిడి రక్తాన్ని కాస్త ముందుకు తోస్తూనే ఉంటుంది. మనిషి కన్ను, మనిషి చెయ్యి ఈ పని చేయలేవు. అందుకే పేషెంట్‌ని కలపక ముందే మెషీన్ ఈ సెన్సర్‌ని తనంతట తాను పరీక్షించుకుంటుంది.

ఇక ఎంత నిశ్శబ్దానికి అలారం కొట్టాలి? ఇది నా పాత ఉద్యోగం లాంటి ప్రశ్న. సర్వర్ల మీద అలర్టులు పెట్టే రోజుల్లో మాకు రోజూ ఇదే గొడవ. హద్దు మరీ కింద పెడితే ఊరికే మోగుతుంది, నాలుగు రోజులకి దాన్ని ఎవరూ పట్టించుకోరు. పైన పెడితే నిజంగా కొంప మునిగినప్పుడు కూడా మోగదు. బుడగ విషయంలో ఇంకో చిక్కు ఉంది: ఘనపరిమాణం. ఒక మిల్లీలీటర్ గాలి ఒకే ముద్దగా వస్తే గుర్తించడం తేలిక. అదే గాలి 0.3 మిల్లీమీటర్ల బుడగలుగా పగిలితే 70,000 బుడగలు. ఒక్కొక్కటీ ధ్వనిని కొంచెం మాత్రమే అడ్డుకుంటుంది. అందుకే మెషీన్ రెండు రకాలుగా లెక్క చూస్తుంది. పెద్ద ముద్ద కనపడితే వెంటనే ఆపేస్తుంది. చిన్న చిన్నవి వరసగా వస్తుంటే వాటిని కూడుకుంటూ పోయి, మొత్తం హద్దు దాటినప్పుడు ఆపుతుంది. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. 'గాలి అస్సలు వెళ్లలేదు' అని మెషీన్ ఎప్పుడూ చెప్పదు. 'ప్రమాదం చేసేంత గాలి వెళ్లనివ్వను' అని మాత్రమే చెప్తుంది.

పరిశోధనశాలల్లో బుడగల్ని కొలవడానికి ఇంతకంటే మంచి సాధనాలు ఉన్నాయి. సన్నటి సూది మొన దగ్గర కరెంటు పెడితే, నీటిలో ఉన్నప్పుడు పారుతుంది, బుడగలో ఉన్నప్పుడు ఆగుతుంది. అలాంటి రెండు మొనలు ఒకదాని కింద ఒకటి పెడితే, బుడగ రెంటినీ తాకడానికి మధ్య పట్టిన సమయం నుంచి వేగం, మొన మీద ఉన్న సమయం నుంచి పొడవు తెలుస్తాయి. జర్మనీలో రోసెన్‌డార్ఫ్ పరిశోధన కేంద్రంలో ప్రాసర్ బృందం 1998లో గొట్టానికి అడ్డంగా సన్న తీగల వల అల్లి, బుడగల ఆకారాన్నే సెకనుకి వెయ్యికి పైగా చిత్రాలుగా తీసింది. ఇలాంటి పద్ధతులు అణు విద్యుత్ కేంద్రాల పరిశోధనకి చాలా అవసరం. అక్కడ ఇంధన కడ్డీల పక్కన నీళ్లలో ఆవిరి వాటా ఎంతో తెలియకపోతే కడ్డీ కాలిపోతుంది. మన జిల్లాలోనే కొవ్వాడ దగ్గర అలాంటి కేంద్రం ప్రతిపాదన ఉంది కాబట్టి ఈ శాస్త్రం ఇంకో రకంగా కూడా మన గుమ్మం దాకా వచ్చిందనుకోండి. కానీ రక్తంలో సూదులు, తీగలు పెట్టలేం. గడ్డ కడుతుంది, రక్తకణాలు చితికిపోతాయి. బయటి నుంచి, ట్యూబుని ముట్టుకుని మాత్రమే కొలవాలి. అందుకే ధ్వని.

పక్కన కూర్చునేవాళ్లు ఏం చూడొచ్చు? మొదటిది, వీనస్ చాంబర్‌లో రక్తం మట్టం. సెషన్ మొదట్లో ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. మెల్లగా దిగుతోందనిపిస్తే, పైన నురగ పేరుకుంటోందనిపిస్తే, అలారం కోసం ఆగకుండా సిస్టర్‌కి చెప్పండి. సెలైన్ సంచి ఖాళీ అవుతుంటే చెప్పండి. ఒకే సెషన్‌లో ఎయిర్ అలారం పదేపదే వస్తుంటే "గాలి ఎక్కడి నుంచి వస్తోందో చూశారా అండి?" అని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు, ఇంతమంది పేషెంట్ల మధ్య తిరిగేవాళ్లకి అది సాయమే. బటన్ మాత్రం మీరు నొక్కకండి. క్లాంప్, ట్యూబు ముట్టుకోకండి.

ఇంకొకటి, ఇది బుడగ సంగతి కాదు గానీ చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఎయిర్ డిటెక్టర్ గాలిని మాత్రమే పడుతుంది. రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే సూది ఊడిపోయి దుప్పటి కింద రక్తం పోతుంటే దానికి తెలీదు, లైన్‌లో గాలి లేదు కదా. ఒత్తిడి అలారం ఉంటుంది గానీ అది ప్రతిసారీ పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. చలిగా ఉందని నాన్నగారు చెయ్యి దుప్పట్లోకి లాక్కుంటారు, ఏసీ గదిలో నాలుగు గంటలు మరి. మిగతా ఒళ్లంతా కప్పండి, సూదులున్న చెయ్యి మాత్రం బయట, మీ కంటికి కనపడేలా ఉంచండి.

వచ్చే ఎపిసోడ్‌లో డయాలసిస్‌కి వాడే నీటి గురించి. ఒక్క సెషన్‌కి వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, ఆ ఆర్‌వో ప్లాంట్ వెనక గదిలో ఏం చేస్తుందో చూద్దాం. ఉంటానండి.